వేడెక్కితే మొండికేసే కారు, వేళకు చేరాల్సిన ఒడిబియ్యం

ఆ పీట కాస్త ఇటు జరుపుకోండి. పొయ్యి మీద పాలుంటే దించేసి రండి, మధ్యలో లేస్తే మళ్లీ మొదటినుంచి చెప్పమంటారు. కూర్చున్నారా? సరే, వినండి. నేను చెప్పబోయేది కాశీయాత్ర కాదు. వికారాబాద్ నుంచి తాండూరు. రైలెక్కితే పల్లీలు తినడం పూర్తికాకముందే దిగిపోతాం. మేము కారులో పోయాం, నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటల్లో నేను చూసినన్ని వింతలు నా అరవై ఏళ్లలో చూడలేదు.

మూట కట్టిన పొద్దు

మా ఆయనకు ఒక్కతే చెల్లెలు, పద్మ. తాండూరులో ఇచ్చాం. మొన్న మాఘమాసం చివర్లో వాళ్లు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నారు. పాలు పొంగించడం తెల్లవారుజామునే అయిపోతుంది. ఆ తర్వాత మా పని, ఒడిబియ్యం పోయడం. మీ దిక్కు ఈ ఆచారం లేకపోతే చెబుతాను. ఆడబిడ్డ ఇంట్లో శుభం జరిగితే పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, తమలపాకులు, రవికెబట్ట తెచ్చి ఆమె కొంగులో పోస్తారు. నీ వెనక మేమున్నాం అని నలుగురి ముందు చెప్పడం అది.

మా ఇంట్లో దానికి కట్టుబాట్లు ఎక్కువ. ఏ రోజు పోస్తే ఆ రోజు పొద్దునే కలపాలి. కలిపాక మూటను నేలమీద పెట్టరాదు. కాళ్ల దగ్గర అసలే పెట్టరాదు. దాన్ని ఒంటరిగా వదిలి ఎటూ పోరాదు. మా అత్త నాకు చెప్పింది, నేను నా కోడలికి చెప్పాను.

ఆ రోజు పన్నెండు దాటితే అమావాస్య వస్తుంది. ఆలోపే పోయాలి. మామూలుగా అయితే ఇంత గాబరా పడను. కానీ ఐదేళ్ల క్రితం పద్మ కూతురి పెళ్లికి ఇదే కారులో, ఇలాగే మూటతో బయలుదేరి, వేళ దాటాక చేరాం. పద్మ పీట మీద కూర్చుని చూసీ చూసీ ఉంటే, వాళ్ల అత్త తమ గంపలోంచే బియ్యం తీసి పోసిందట. పోస్తూ, "మీ పుట్టింటి బియ్యం తోవలనే ఉడికినట్టున్నయ్" అన్నదట. నలుగురూ నవ్వారట. మేము చేరాక పద్మ మాతో ఒక్క మాట మాట్లాడలేదు, ఆ తర్వాత ఐదేళ్లూ మాట్లాడలేదు.

ఈసారి ముందురోజు తనే ఫోన్ చేసింది.

"అన్నా, బస్సుకు రాండ్రి, రైలుకు రాండ్రి, ఎట్లన్న రాండ్రి. పన్నెండు దాటితే మాత్రం నేను ఒడి పట్ట. ఇయ్యాల్నే కాదు, ఇగ ఎన్నడు పట్ట."

ఫోన్ పెట్టేశాక నేను రైలుకే పోదామన్నాను. మా ఆయన వింటేనా!

"పోయినసారి మాట పడ్డది గీ కారు తోటి. గా మాట తుడిచేది గూడ గీ కారే" అన్నాడు.

ఆ కారు మా మామ కొన్నది. పద్మ పెళ్లికూతురుగా తాండూరు పోయింది కూడా అందులోనే. దాని జబ్బు ఒక్కటే. చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పితే ఒక్క పిలుపుకు లేస్తుంది. వేడెక్కాక ఆగిందంటే మాత్రం అరగంట దాకా లేవదు. అదీ రోజూ కాదు. ఆయన ఒక్కడే పోతే ఊరంతా ఆపుకుంటూ తిరిగి వస్తాడు. నేను ఎక్కిన రోజే మొండికేస్తుంది. "నీకూ దానికీ పడదే" అని ఆయన నన్ను ఎన్నేళ్లుగా ఏడిపిస్తున్నాడో లెక్కలేదు. పెట్రోలు పంపు మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, కాయిల్ మార్చాడు, కార్బొరేటర్ అయితే మూడుసార్లు మార్చాడు. మనిషిని మార్చడం ఒక్కటే మిగిలింది అని నేనే అనేదాన్ని.

ఎనిమిదింటికి బయలుదేరాం. మా ఇద్దరి సీట్ల మధ్య, ముందు పలకకింద నేలవైపు వంగి ఒక నల్ల గుబ్బ ఉంటుంది, దాన్ని చోక్ అంటారు. ఆయన దాన్ని గుంజి, తాళం తిప్పి, ఇంజను కాస్త కాగాక మళ్లీ లోపలికి నూకాడు. వెనక సీటు నిండా అరటి గెల, పూలబుట్ట, ఇత్తడి గుండిగ. మూటేమో ఒళ్లో పెట్టుకుంటే తొడలు తిమ్మిరెక్కే బరువు. కాళ్ల దగ్గర పెట్టరాదాయె. మూట సంచికి చెవులున్నాయి. ఎప్పుడూ సద్ది సంచి తగిలించినట్టే దాన్నీ ఆ నల్ల గుబ్బకు తగిలించి, ఊగకుండా చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

అనంతగిరి మలుపులో

గుట్ట ఎక్కుతుంటే కారు దగ్గింది. వెనక నల్లపొగ. మా ఆయన అద్దంలో చూసి, "బండి మంచిగ కడుపు నిండ తాగి పోతుంది" అన్నాడు. గుడి కమాను దగ్గర కొబ్బరికాయ కొట్టి పోవడం మా మామ నాటి నుంచి అలవాటు. కారు ఆపాడు. ఆయన కాయ కొట్టాడు, నేను మూట భుజాన వేసుకుని దిగి దండం పెట్టాను. తిరిగొచ్చి తాళం తిప్పితే కుయ్ కుయ్ అని గొణిగింది తప్ప లేవలేదు.

పట్నం నుంచి వచ్చినవాళ్లు అక్కడ కోతులకు బిస్కెట్లు వేసి ఫోటోలు దిగుతున్నారు. వాళ్లంతా వచ్చి మా కారును కూడా ఫోటో తీసుకున్నారు. ఒక కోతి బానెట్ మీద కూర్చుంది, వేడికి చటుక్కున లేచింది.

పక్కన మక్కకంకులు కాల్చే ఆమె పేరు బుజ్జమ్మ. విసనకర్ర ఊపుతూనే వైద్యం చెప్పింది.

"పెద్దయ్యా, గుట్టెక్కినంక గీడ రోజుకొక బండి ఆగుతది. ఎండకు పెట్రోలు ఆవిరైతదంట. తడిగుడ్డ ఎయ్యిండ్రి. అందాక కంకి తినుండ్రి, ముప్పై రూపాయలు."

"మా దిక్కు పదికి రెండిస్తరు" అన్నాను.

"మీ దిక్కు కోతులకు గుంజుకపోయే అలవాటు లేదు గదమ్మా. నేను అమ్మేది ఒకటి, అవి తీస్కపోయేది ఒకటి."

తడిగుడ్డ పంపు మీద వేశాం. కంకులు తిన్నాం. ఉప్పు, కారం, నిమ్మచెక్క, దానికి పేరు పెట్టేది లేదు. అరగంట తర్వాత కారు లేచింది. తడిగుడ్డ మహిమే అనుకుని ఆయన ఆ గుడ్డను మడిచి దాచుకున్నాడు. నేను ఎక్కి మూటను మళ్లీ గుబ్బకు తగిలించాను. అప్పటికి తొమ్మిది అయింది.

ధారూర్‌లో చాయ్

గుట్ట దిగితే రెండువైపులా కంది కోసిన చేలు. కంది కట్టె మోపులు నిలబెట్టి ఉన్నాయి. ఎక్కడ చూసినా ఎర్రనేల. మా ఆయన ఇక ఆపనే ఆపనన్నాడు. కానీ ధారూర్‌లో బస్సుకు ఎదురు పడి కారును మెల్లగా చేస్తే, ఇంజను దానంతటదే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అదీ చాయ్ హోటల్ ముందు. కనీసం చోటు చూసుకుని ఆగింది. మా ఆయన బానెట్ ఎత్తి, దాచుకున్న గుడ్డను మళ్లీ తడిపి వేశాడు.

లోపల చాయ్ తాగుతున్న పెద్దమనిషి మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి ఇంట్లో కూర్చున్నాడట, పేరు రామచంద్రయ్య. చొక్కా చేతులు మడిచిన తీరు చూస్తేనే తెలిసిపోయింది, ఇలాంటి భాగ్యం కోసమే రోజూ అక్కడ కూర్చుంటున్నాడని.

"తడిగుడ్డ దేనికి పటేలా, కారుకు జరమా?" అన్నాడు.

మా ఆయన ఆవిరి సంగతి చెప్పాడు. రామచంద్రయ్య ఒక ప్లగ్గు విప్పి, తీగకు తగిలించి, ఇంజనుకు ఆనించి నన్ను తాళం తిప్పమన్నాడు. జీవితంలో మొదటిసారి తాళం తిప్పాను, భుజాన మూటతో. ప్లగ్గు దగ్గర నీలంగా చిటుక్కుమంది.

"కరెంటు మస్తుగుంది" అని, ఆ ప్లగ్గును మా ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. "వాసన జూడు. నల్లగై తడిసి ముద్దైంది. పెట్రోలు ఆవిరై అందకుంటె గిది పొడిగుండాలె. నీ బండి ఆకలితోని ఆగుత లేదయ్యా. తిన్నదరగక ఆగుతుంది."

ఎంత బాగా చెప్పాడు! కానీ ఎందుకు ఎక్కువ తాగుతోందో ఆయనకూ తెలియలేదు. కార్బొరేటర్ కొత్తది వేసి ఏడాది కాలేదాయె. ప్లగ్గులు నాలుగూ తుడిచి, ఎండలో పెట్టి, మళ్లీ బిగించి చూస్తే లేచింది. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "నా పెండ్లానికి ఒక్కసారి చెప్పి పోండ్రి, నేను ఉత్తగ కూసుంట లేనని" అన్నాడు. పక్కింట్లోనే ఉంది ఆమె. పోయి చెప్పాను. "చేతులకు మసి పూసుకున్నడా మల్ల? చొక్కా ఉతికేది ఎవరు?" అని తలుపు వేసుకుంది.

చాయ్ మాత్రం బాగుంది, పది రూపాయలు, అల్లం దంచి వేశాడు. టైము పదీ పది.

పద్మ ఫోన్ చేసింది. ఎత్తితే అవతల భజంత్రీలు వినపడుతున్నాయి.

"యాడికచ్చిండ్రు వదినా?"

"ధారూర్ దాటుతున్నం."

"కారేనా?" అంది.

"కారే."

ఫోన్ పెట్టేసింది. మా ఆయన నా ముఖం చూసి కారు వేగం పెంచాడు.

పెద్దేముల్‌లో ఖాజా మియా

పెద్దేముల్ ఊరి మొదట్లో స్పీడుబ్రేకర్ దగ్గర మూడోసారి ఆగింది. పదీ ముప్పావు. ఈసారి మా ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. స్టీరింగ్ మీద తల ఆనించి కూర్చుండిపోయాడు. చెల్లెలు మాట్లాడకపోయిన ఐదేళ్లూ ఆయన ముఖంలో కనిపించాయి. పెళ్లయి నలభై రెండేళ్లు, ఆయన్ని అలా చూడలేదు. ఆటో పిలుద్దామంటే ఆ వేళకు రోడ్డు మీద ఒక్కటీ లేదు.

ఎదురుగా ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. అందులోంచి తెల్లగడ్డం ముసలాయన వచ్చాడు, ఖాజా మియా. వచ్చీ రాగానే ఇంజను ముట్టలేదు. వైద్యుడిలా ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఎప్పుడెప్పుడు ఆగుతది పటేల్ సాబ్?"

"వేడి మీద."

"రోజూనా?"

"రోజు గాదు. నేనొక్కన్ని పోతె ఆగది. గీమె ఎక్కితే ఆగుతది."

ఖాజా మియా నావైపు చూశాడు. "అమ్మా, ఏం మంత్రమేస్తవ్ జర నాకు గూడ చెప్పు, గిరాకీ పెరుగుతది."

నాకు ఒళ్లు మండింది. మూట భుజాన వేసుకుని దిగి, వేపచెట్టు నీడలో నిలబడ్డాను.

ఆయన బానెట్ ఎత్తి, పైమూత విప్పి కార్బొరేటర్ గొంతులోకి తొంగిచూశాడు. మా ఆయన్నీ చూడమన్నాడు. లోపల ఒక రేకు రెక్క ఉంటుందట, గాలికి తలుపులాంటిది. చలిలో చోక్ గుంజితే అది మూసుకుంటుంది, గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ పోతుంది, చల్లని ఇంజను లేస్తుంది. కాగాక ఆ తలుపు తెరిచి ఉండాలి. మూసే ఉంటే పొగతాగినట్టు నల్లగా నడుస్తుంది, ఆగిందంటే మునిగిపోతుంది.

"తలుపు మూసుకునే ఉన్నది. చోక్ ఎవరు గుంజిండ్రు?" అన్నాడు ఖాజా మియా.

"నేనే పొద్దున గుంజిన, నేనే నూకిన. గీమె సాక్షి" అన్నాడు మా ఆయన.

"నూకిండు, నేను చూసిన" అన్నాను చెట్టుకిందినుంచి.

ఖాజా మియా లోపలికి వంగి చూశాడు. గుబ్బ బెత్తెడు బయటికి వచ్చి ఉంది. లోపలికి నూకి, యాక్సిలేటర్‌ను నేలకు తొక్కిపట్టి, మధ్యలో వదలకుండా తాళం తిప్పమన్నాడు. "పంపు కొట్టినట్టు ఊకె తొక్కద్దు. తొక్కి పట్టాలె. లోపలి పెట్రోలు గాలి తోటి బయటికి పోవాలె." ఒకటి, రెండు, మూడు అనేలోపు నల్లపొగ కక్కి కారు లేచింది. వేడివేడిగా ఉండగానే!

నేను ఉరుకుతూ వచ్చి ఎక్కాను. తలుపు వేసుకున్నాను. మూటను గుబ్బకు తగిలించాను.

ఇంజను మళ్లీ దగ్గడం మొదలుపెట్టింది.

మా ఆయన మూటను చూశాడు. ఖాజా మియా మూటను చూశాడు. మూట బరువుకు గుబ్బ మెల్లగా, మీరు నమ్మండి, మీగడ జారినట్టు మెల్లగా బయటికి జారుతోంది.

ఖాజా మియా కారు తలుపు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. నవ్వు ఆపుకోలేక గడ్డం తడుముకున్నాడు.

"యా అల్లా! నలభై ఏండ్ల నుంచి బండ్లు జేస్తున్న. గిసువంటి జబ్బు సూడలే!"

మా ఆయన మాత్రం నవ్వలేదు. "పోయినసారి పెండ్లికి పోయేటప్పుడు మూట యాడ బెట్టినవే?" అన్నాడు.

నాకు ఏదీ మరుపు రాదు, అదే నా బాధ. ఆ రోజు కట్టుకున్న ఆకుపచ్చ చీర అంచు సహా గుర్తొచ్చింది. మూట ఎక్కడ ఉందో కూడా.

"గీడనే. తక్కిన దినాలల్ల సద్ది సంచి గూడ గీడనే" అన్నాను.

అప్పుడు నవ్వాడు మా ఆయన. తొడ చరుచుకుని నవ్వాడు. "మూడు కార్బొరేటర్లు మార్చిన గదనే!"

నాకు నవ్వు రాలేదు. కాళ్ల దగ్గర పెట్టకూడదని అంత భయభక్తులతో పైన తగిలించాను. ఆ భక్తే పద్మను నలుగురిలో తలవంచేలా చేసింది. మూటను గుండెకు హత్తుకుని, "పోనియ్యి" అన్నాను.

లారీల వెనక

తాండూరు దగ్గరపడే కొద్దీ ఊళ్ల రూపం మారుతుంది. మన దిక్కు చేనుకు ముళ్లకంపతో కంచె వేస్తాం. అక్కడ నాపబండలను నిలువునా పాతి వరుసగా నిలబెడతారు. అరుగు బండ, పైకప్పు బండ, పశువుల తొట్టి బండ. బండలు కోసే మిషన్ల నుంచి తెల్లటి నీళ్లు కాలవల్లో పారుతున్నాయి. దుమ్ముకు చెట్ల ఆకులు కూడా పిండి చల్లినట్టు ఉన్నాయి.

ఊరి బయట లారీలు. బండల లారీ ఒకటి అడ్డంగా నిలిచి, వెనక ఇరవై లారీలు. టైము పదకొండు ఇరవై ఐదు. మా ఆయనకు జీవితమంతా ఒక అలవాటు, బండి నిలబడితే పెట్రోలు దండగని ఇంజను ఆపేస్తాడు. చెయ్యి దానంతటదే పోయి తాళం తిప్పేసింది. ఇంజను ఆగింది.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"ఎందుకు ఆపినవ్?" అన్నాను.

"నేనాపలే. చెయ్యి ఆపింది."

పక్క లారీ డ్రైవరు కన్నడలో ఫోన్ మాట్లాడుతున్నాడు. పది నిమిషాలు అలా ఎండలో, బానెట్ మీద గాలి వణుకుతుంటే, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. నా ఒళ్లో మూట, కాళ్లు తిమ్మిరెక్కి నావి కానట్టే ఉన్నాయి. ముందు లారీ కదిలింది. మా ఆయన దండం పెట్టుకుని తాళం తిప్పాడు.

ఒక్క పిలుపుకు లేచింది.

ఆయన హారన్ కొట్టాడు. ఎందుకో తెలియక ముందున్న లారీ డ్రైవరు కూడా కొట్టాడు. అది విని ఇరవై లారీలూ కొట్టాయి. మా మామ బతికి ఉంటే ఆ ఊరేగింపు చూసి మురిసిపోయేవాడు.

పద్మ ఒడి

పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. పద్మ వంటింటి ముందు పీట మీద కూర్చుని ఉంది, తల వంచుకుని. ఒడిబియ్యం కానిదే విస్తరాకులు పరచరు కదా, చుట్టాలంతా ఆకలితో మాకేసి చూశారు. వాళ్ల అత్త గుమ్మంలోనే పలకరించింది.

"అయ్యా, ఈసారి గూడ మీ కారు తోవల పండిందా?"

మా ఆయన నావైపు చూశాడు. చెబుతాడేమో అనుకున్నాను. "కారుది తప్పేం లేదత్తమ్మా. మక్కకంకులు తినుకుంట వచ్చినం" అన్నాడు.

నేను పద్మ ముందు కూర్చున్నాను. పద్మ కొంగు పరిచింది. కళ్లెత్తలేదు. దోసిలి నింపి పోయబోతే నా నోరు ఊరుకోలేదు. ఐదేళ్ల క్రితం ఏమైందో, ఆ పొద్దు ఏమైందో, నల్ల గుబ్బ సంగతి, ఖాజా మియా కింద కూర్చున్న సంగతి, ఒక్కో దోసిలికి కొంత చొప్పున అంతా చెప్పేశాను. రెండో దోసిలికి ఆడవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. నాలుగో దోసిలికి వాళ్ల అత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పద్మ నవ్వలేదు. మెల్లగా అడిగింది.

"అంటే అన్న కావాలని ఆలస్యం జెయ్యలేదా వదినా? నా కాడికి రావాలని లేకనే నిమ్మలంగ వచ్చిండ్రనుకున్న. ఐదేండ్లు గదే అనుకున్న."

"బియ్యం కాళ్లకాడ పెట్టద్దని నేనే వేలాడదీసిన బిడ్డా" అన్నాను.

అప్పుడు నవ్వింది పద్మ. ఎంత నవ్విందంటే ఒడిలోని పసుపు బియ్యం కొత్త బండల మీద ఒలికిపోయింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూనే ఏరుకుంది. మా ఆయన గోడవైపు తిరిగి అరటి గెల సర్దుతూ ఉండిపోయాడు, సర్దడానికి అందులో ఏమీ లేకపోయినా.

భోజనాల సంగతి చెప్పకపోతే ఈ యాత్ర పూర్తి కాదు. మన దిక్కు జొన్నరొట్టె మెత్తగా, వేడిగా తింటాం. వాళ్లు పల్చగా చేసి ఎండబెట్టి అప్పడంలా విరుచుకు తింటారు, కటక్ రొట్టె అంటారు. మీదికి పల్లీల పొడి, పుంటికూర అనే గోంగూర. తాండూరు కందిపప్పు సంగతి చెప్పనక్కర్లేదు, ఒక్క ఉడుకుకే వెన్నలా అయిపోతుంది. నేను మూడు రొట్టెలు తిన్నాను. వాళ్ల అత్త నాలుగోది వేసింది. "తిను, మల్ల తోవల ఆకలైతే కారును తింటవ్" అంది. ఆ ముసలమ్మ మాటకారితనం నాకు నచ్చింది.

తిరుగు దారి

మరునాడు పద్మ మాతో పుట్టింటికి వస్తానంది. ముందు సీట్లో అన్న పక్కన కూర్చుంది, నన్ను వెనక్కి పంపారు, ఎందుకో మీకు చెప్పాలా? ఊరు దాటగానే, "అన్నా, ఆపు" అంది. ఆపాడు. "ఇంజను గూడ బంద్ చెయ్యి." చేశాడు. "ఇప్పుడు చాలు చెయ్యి." అంటే స్టార్ట్ చెయ్యమని. తాళం తిప్పాడు, లేచింది. పద్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మైలు పోయాక మళ్లీ ఆపు అంది. కోట్‌పల్లి చెరువు దిక్కు బండి మలిపించి, నీళ్ల ఒడ్డున అన్నాచెల్లెళ్లు ఇద్దరూ కూర్చుని, చిన్నప్పుడు తిన్న దెబ్బలు, దొంగిలించిన రేగుపండ్లు, అన్నీ మాట్లాడుకున్నారు. నేను కారులోనే కునుకు తీశాను. ఐదేళ్ల మాటలు మరి, గంటలో అయిపోతాయా!

రోడ్డు మీదికొచ్చాక మళ్లీ మొదలు, ఆపు, చాలు చెయ్యి. ఏడుసార్లు లెక్కపెట్టి వదిలేశాను. ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది. గుమ్మంలో నా కోడలు, "కారు మల్ల ఆగిందా అత్తమ్మా?" అంది.

"ఆగింది బిడ్డా, అడిగినప్పుడల్లా ఆగింది" అంది పద్మ, నాకంటే ముందు.

ఇదీ సంగతి. ఇంతసేపు ఓపికగా విన్నారు. మీ ఇంటి ఆడబిడ్డల ఒడి ఎప్పుడూ నిండుగా ఉండాలి. మీ ఇంటి నుంచి బయలుదేరినవాళ్లు అలిగినవాళ్ల గడపకు వేళకు చేరాలి. చేరకపోయినా, తలుపు తీసి ఎదురుచూసే మనిషి ఆ గడపలో ఉండాలి. చల్లగా ఉండండి.